చూడని చెరువుకు మార్కులా?

డిగ్రీ విద్యార్థి పర్యావరణ శాస్త్రం రికార్డు ఒకసారి తెరిచి చూడండి. చెరువు బొమ్మ ఉంటుంది. అందులో కొంగ, చేప, తామర ఉంటాయి. దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది. కానీ ‘ఈ చెరువు ఎక్కడుంది నాయనా?’ అని అడిగితే జవాబుండదు. అది పై తరగతి వారి రికార్డు చూసి దించినది. దానికి ఇరవైకి తగ్గకుండా మార్కులు!

మేము ఉర్దూ బోధించేవాళ్లం. ఖాళీ పీరియడ్లున్నాయని కళాశాలలో ఈ పాఠం మాకు అప్పగించారు. తొలి రెండేళ్లు మేమూ పుస్తకం చదివి వినిపించి, అలాంటి రికార్డుల మీదే సంతకాలు చేశాం. ఆ తప్పులో మాకూ భాగముంది గనుకనే ఈ మాట రాస్తున్నాం.

పర్యావరణ విద్యను తప్పనిసరి చేయాలని 1991లో ఎం.సి.మెహతా కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ తర్వాత యూజీసీ అన్ని డిగ్రీ కోర్సులకూ ఆరు నెలల పాఠ్యప్రణాళిక తయారుచేసింది. అందులో 50 పీరియడ్లకు 5, నూరు మార్కులకు 25 ఫీల్డు వర్కుకే కేటాయించింది. ఊరిలోని నదినో కొండనో చూడాలి, కలుషితమైన చోటును చూడాలి, చెట్లను, పురుగులను, పక్షులను గుర్తుపట్టాలి అన్నది. 2023 నాటి మార్గదర్శకాలలోనూ ఫీల్డు వర్కు ఉంది. కనుక బయటికి వెళ్లడం షికారు కాదు, పాఠమే.

మూడో ఏడు పిల్లలను ఊరి చెరువుకు తీసుకెళ్లాం. పొద్దు పొడిచే వేళకు చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. మధ్యాహ్నం మళ్లీ వెళితే ఒక్కటీ పైన లేదు. రాత్రి వెలుతురు లేక నీటి మొక్కలు ప్రాణవాయువు తయారుచేయవు, పీల్చుకోవడం మాత్రం అన్నీ పీల్చుకుంటాయి. అందుకే తెల్లవారేసరికి అది తగ్గిపోతుంది. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా ఎక్కని మాట ఆ పూట ఎక్కింది.

గుర్రపుడెక్క ఎక్కడ దట్టంగా ఉందో గీయమన్నాం. కాలువ వచ్చి కలిసేచోటనే అని తేలింది. మురుగులోని నత్రజని, భాస్వరం దానికి ఎరువు. ఒక అమ్మాయి కాలువ వెంట పైకి చూసి, ‘సార్, ఇది మా గల్లీ నుంచే వస్తోంది’ అన్నది. ఏ ప్రశ్నపత్రమూ ఆమె చేత ఆ మాట అనిపించలేదు.

ఇలా చూసేవాళ్లు లేకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి హుసేన్ సాగర్ చాలు. పదహారో శతాబ్దంలో కుతుబ్ షాహీల కాలంలో తవ్వించిన ఆ చెరువు ఒకప్పుడు నగరానికి తాగునీరిచ్చింది. తర్వాత కూకట్‌పల్లి నాలా మోసుకొచ్చిన మురుగుతో, కర్మాగారాల వ్యర్థాలతో పాడైంది. ఆ నాలా పక్క నుంచి రోజూ కళాశాలలకు వెళ్లినవారెందరో!

ఆడపిల్లలను పంపడానికి మన ఇళ్లలో వెనుకాడుతారు. ఆ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. ముందుగా ఇంటికి చీటీ పంపాలి. అధ్యాపకురాలు వెంట ఉండాలి. నీళ్లలో దిగనివ్వకూడదు. తిరిగి చేర్చే వేళ చెప్పి, ఆ వేళకే చేర్చాలి. మా మొదటి ప్రయాణంలో ఒక తండ్రి నమ్మకం చాలక తానూ గట్టు మీదికి వచ్చి నిలబడ్డాడు. కాసేపటికి తన చిన్నతనంలో నీరు ఎంతవరకు ఉండేదో ఆయనే పిల్లలకు చూపించాడు. ఆ రోజు మాకంటే ఆయనే మంచి ఉపాధ్యాయుడు.

బస్సు లేదు, సిలబస్ అయిపోదు అని ప్రిన్సిపాళ్లంటారు. నడిచి వెళ్లే దూరంలో ఒక చెరువో, కాలువో, చెట్ల తోపో లేని ఊరు ఏది? ఒక దారం, ఒక తెల్లని పళ్లెం, ఒక నోటుపుస్తకం చాలు. పళ్లెం ఎంత లోతులో కనిపించకుండా పోయిందో కొలిస్తే నీటి తేటదనం తెలుస్తుంది.

ఇకనైనా అధ్యాపకులు చూడకుండా రాసిన రికార్డు మీద సంతకం చేయరాదు. తల్లిదండ్రులు కూడా ‘ఎన్ని మార్కులొచ్చాయి?’ అని అడిగే ముందు ‘ఏ చెరువు చూశావు?’ అని అడగాలి.