చెత్త నుండి విద్యుత్తు: మన జిల్లాకు ఏది తగును?

తమిళంలో ‘కుప్పై’ అంటే చెత్త. తెలుగులో ‘కుప్ప’ అంటే కళ్లంలో పోసిన ధాన్యపు రాశి కూడా. రెండు భాషలు చదివే బడిపిల్లలు ఈ తేడాకు నవ్వుకుంటారు. నేడు నగరపాలకులు చెత్తకుప్పను సైతం ధాన్యపు కుప్పవలె ఆదాయంగా చూస్తున్నారు. చెత్తను మండించి విద్యుత్తు తీసే కేంద్రం హైదరాబాదు శివారు జవహర్‌నగర్‌లో 2020లో ఆరంభమైనది. గుంటూరు, విశాఖపట్టణాలలో చెరి 15 మెగావాట్ల కేంద్రాలు వెలసినవి. మనకు సమీపాన కర్ణాటకలోని బిడదిలో 11.5 మెగావాట్ల కర్మాగారం నిర్మించబడినది. రేపు ఇటువంటిది ధర్మపురికి వస్తానంటే మనం ఏమని బదులు చెప్పాలి?

నగరాలకు వీటి అవసరం లేకపోలేదు. కొండలవలె పెరిగే చెత్త తరుగుతుంది, కొంత విద్యుత్తు లభిస్తుంది. అయితే ఈ ప్రయత్నాల చరిత్ర ఆశాజనకం కాదు. 1987లో ఢిల్లీలోని తిమార్‌పూర్‌లో కట్టిన కర్మాగారం ఇరవై ఒక్క రోజులు మాత్రమే నడిచినది. 2003లో విజయవాడలోను, హైదరాబాదు సమీపంలోని షాద్‌నగర్‌లోను స్థాపించిన కేంద్రాలు ఊక వంటి పంట వ్యర్థాలను కలుపుకొని నడిచి, కొన్నేళ్లకు మూతపడినవి. ప్రధాన కారణం ఒక్కటే. మన చెత్తలో సగానికి పైగా కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం వంటి తడి పదార్థాలు. పచ్చికట్టె పొయ్యిలో పెడితే ఏమగునో ప్రతి గృహిణికీ తెలుసు. తగిన వేడి లేక ప్లాస్టిక్ మండితే డయాక్సిన్ వంటి విషాలు పుడతాయి. చివరకు మిగిలే బూడిదను ఎక్కడ పోయాలన్నది మరొక చిక్కు. 2025లో చెన్నైలోని కొడుంగైయూరు వాసులు ప్రతిపాదిత కర్మాగారం వద్దని మానవహారం కట్టినది ఈ భయంతోనే.

ఇక లెక్క చూద్దాం. బిడది కర్మాగారానికి దినమునకు 600 టన్నుల చెత్త కావాలి. 2011 జనగణన ప్రకారం ధర్మపురి జిల్లా జనాభా సుమారు 15 లక్షలు. మనిషికి రోజుకు 300 గ్రాములని వేసుకున్నా, జిల్లా అంతటి చెత్తను ఊడ్చి తెచ్చినా 450 టన్నులే. అందులోనూ అధికభాగం తడిచెత్త. అంటే అంతటి పొయ్యిని ఇక్కడ వెలిగిస్తే, దాని ఆకలి తీర్చుటకు పరాయి ఊళ్ల చెత్త లారీలు రాక తప్పదు. సరిహద్దు దాటివచ్చే చెత్త అనుభవం మన రాష్ట్రానికి కొత్త కాదు. 2024 డిసెంబరులో కేరళ ఆసుపత్రుల వ్యర్థాలు తిరునెల్వేలి జిల్లా గ్రామాలలో పారవేయబడగా, జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశంపై కేరళ వాటిని వెనుకకు తీసుకొనిపోయినది.

అట్లని మన వ్యర్థాలలో శక్తి లేదని కాదు. అది మంటలో కాక మురుగులో ఉన్నది. సేలం, ధర్మపురి ప్రాంతపు సగ్గుబియ్యం మిల్లులు కొన్ని మురుగునీటి నుండి గ్యాసు తీసి వాడుకొనుచున్నవి. ధర లేనప్పుడు పాలక్కోడు రైతులు పారబోసే టమాట, మామిడి గుజ్జు మిల్లుల తొక్కలు, ఇంటింటి పేడ ఇవన్నీ గోబరు గ్యాసుకు పనికివచ్చేవే. ఇందులో మిగిలేది బూడిద కాదు, పొలానికి ఎరువు. కేంద్రం 2018లో ప్రకటించిన గోబర్ధన్ పథకం ఇట్టి వాటికే ఉద్దేశించబడినది.

అయితే దీనికి మొదటి మెట్టు మన గడపలోనే ఉన్నది. తడి, పొడి చెత్తలను వేరు చేయాలని 2016 నాటి నియమాలే విధించినవి. వేరు చేయని చెత్త గ్యాసుకూ పనికిరాదు, మంటకూ పనికిరాదు. బండితో వచ్చే తూయ్మై కావలరు చేతికి అన్నీ కలిపి ఇచ్చి, ఊరు శుభ్రంగా లేదని నిందించుట న్యాయం కాదు.

కర్మాగారం వస్తుందన్న వార్త విన్ననాడు గ్రామసభలో నాలుగు ప్రశ్నలు అడగాలి. చెత్త ఎవరిది? బూడిద ఎక్కడికి? పొగ పరీక్షల ఫలితాలను ఊరికి తెలుపుదురా? ఉద్యోగాలు ఎవరికి? వీటికి వ్రాతపూర్వకంగా సమాధానం వచ్చువరకు భూమి ఇచ్చుటకు తీర్మానం చేయరాదు.