విరేచనాలు పట్టుకుంటే ఉపవాసమా?

నల్లకుంట ఫీవర్ ఆస్పత్రి తెలియని ముస్లిం కుటుంబం హైదరాబాదులో అరుదు. సర్ రొనాల్డ్ రాస్ పేరు పెట్టినా జనం నోట అది ఫీవర్ దవాఖానాయే. వాంతులు, విరేచనాలు పట్టుకున్నవారిని ఎక్కువగా తీసుకెళ్లేది అక్కడికే.

ఆరోగ్యవంతుడు రోజా ఉంటే శరీరం తన ఏర్పాట్లు తాను చేసుకుంటుంది. రక్తం ఒకటి రెండు శాతం చిక్కబడగానే మెదడు పసిగడుతుంది. దాహం పుట్టిస్తుంది, మూత్రం తగ్గించి నీరు కాపాడమని మూత్రపిండాలకు హార్మోను ద్వారా కబురంపుతుంది. కాలేయం దాచిన చక్కెరను కొద్దికొద్దిగా రక్తంలోకి వదులుతుంది. ఈ సర్దుబాటుకు 1926లో వాల్టర్ కానన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు హోమియోస్టాసిస్ అని పేరు పెట్టాడు.

విరేచనాలప్పుడు లెక్క తప్పుతుంది. నీటితోపాటు సోడియం, పొటాషియం కూడా పోతాయి. మూత్రపిండాలు ఎంత పొదుపు చేసినా పేగుల్లోంచి పోయేదాన్ని ఆపలేవు. ఉత్త నీళ్లు తాగితే ఉప్పు లోటు తీరదు. గ్లూకోజు తోడుంటే పేగు గోడ ఉప్పును లోపలికి లాగుతుంది, దాని వెంట నీరూ వస్తుంది. 1971లో బంగావ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ కలరా రోగులకు ఈ ద్రావణమే తాగించి వేలమందిని బతికించారు.

అయినా మన ఇళ్లలో కొందరు పెద్దలు రోజా పోతుందని జబ్బును దాచుకుంటారు. రోగికి మినహాయింపు ఖుర్ఆన్‌లోనే, బఖరా సూరాలో ఉంది; ఆ రోజాలు తర్వాత పూర్తిచేసుకోవచ్చు. ఓఆర్ఎస్ పొట్లం దొరకకుంటే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు కలపండి. చిన్న చెంచాతో, తలకొట్టి కొలవండి. కళ్లు లోతుకుపోయినా, మూత్రం ఆగినా ఇఫ్తార్ దాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.