పాదం మారింది, షూ మారలేదు

కాన్పయిన కొన్ని నెలలకు పాత రన్నింగ్ షూ దులిపి మళ్లీ పరుగు మొదలుపెడితే, పాత మడమ నొప్పీ తిరగబెడుతుంది. చాలామంది తల్లులు తమ ఒంటినే తిట్టుకుంటారు. తప్పు సైజుది కావచ్చు. గర్భధారణతో పాదం వంపు తగ్గి పొడవు పెరగవచ్చనీ, కాన్పు తర్వాతా అది అలాగే ఉండిపోవచ్చనీ 2013లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ అధ్యయనం తేల్చింది.

అందుకే దుకాణంలో పాత నంబరు చెప్పకండి. సాయంత్రం వెళ్లి, నిలబడి రెండు పాదాలూ కొలిపించుకోండి. షూ పెద్ద పాదానికి సరిపోవాలి, వేళ్ల ముందు అర అంగుళం ఖాళీ ఉండాలి. అక్కడే కాస్త పరుగెత్తి చూడండి. ధర కన్నా కాలికి హాయి ముఖ్యం.

అయితే వదులైన కండరాలను ఏ షూ బిగించలేదు. పరుగులో మూత్రం కారినా, పొత్తికడుపు కింద బరువనిపించినా ముందు వెళ్లాల్సింది దుకాణానికి కాదు, డాక్టరు దగ్గరికి.