రక్తం వాళ్ళది, మందు ఎవరికి?

"మందుల ట్రయల్ అంటే మనోళ్ళను ఎలుకల్ని చేయడమే, ఎవరూ పోవద్దు" అని గ్రూపులో చాలామంది రాస్తున్నారు. ఆ కోపం న్యాయమైనదే. కానీ ఆ మాట సగమే నిజమని మా హాస్టల్ పిల్లలం అంటున్నాం.

హంటింగ్టన్ అని ఒక జబ్బుంది. అమ్మకో నాన్నకో ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. ఎక్కువమందికి 30, 40 ఏళ్ళలో మొదలవుతుంది. కాళ్ళూ చేతులూ వాటంతటవే ఊగుతాయి, మాట ముద్దవుతుంది, మతి తప్పుతుంది. ఏటేటా ముదరడమే తప్ప తగ్గేది లేదు. వెనిజులాలో మరకైబో సరస్సు ఒడ్డున చేపలు పట్టి బతికే పేద కుటుంబాల్లో ఇది చాలా ఎక్కువ. నాన్సీ వెక్స్‌లర్ బృందం ఏళ్ళ తరబడి అక్కడికి పోయి వేలమంది రక్తం తీసుకుంది. ఆ రక్తం సాయంతోనే 1993లో ఈ జబ్బు జన్యువు దొరికింది.

మరి మందు? 2021లో టొమినర్సెన్ ట్రయల్‌లో మందు వేయడం మధ్యలోనే ఆపేశారు. తరచుగా మందు వేసినవాళ్ళ పరిస్థితి, మందు లేని ఉత్తి ఇంజెక్షన్ వేసినవాళ్ళకంటే అధ్వానమైంది. 2025లో ఏఎంటీ-130 అనే జన్యు చికిత్స గురించి ఒక కబురొచ్చింది. మెదడుకు ఆపరేషన్ చేసి ఎక్కిస్తారు. ఎక్కువ డోసు తీసుకుని మూడేళ్ళు నిండిన 12 మందిలో జబ్బు ముదరడం 75 శాతం నెమ్మదించిందని కంపెనీ చెప్పింది. ఆ ట్రయల్ జరిగింది అమెరికాలో, యూరప్‌లో. రక్తమిచ్చిన సరస్సు ఒడ్డున కాదు.

అంటే ట్రయల్ వైద్యం కాదు, పరీక్ష. మేలూ జరగొచ్చు, కీడూ జరగొచ్చు. అది ముందే చెప్పాలి, మన భాషలో చెప్పాలి.

మన దగ్గర ఏం జరిగింది? 2009లో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. వాళ్ళలో ఆశ్రమ పాఠశాలల ఆదివాసీ పిల్లలు ఎందరో. చాలా కాగితాల మీద అమ్మానాన్నల బదులు వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకం చేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది. టీకా చెడ్డదని మేము అనట్లేదు. పిల్లల మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదని విచారణ కమిటీ చెప్పింది. మా మాట సంతకం గురించి. హాస్టల్లో అన్నం పెట్టినంత మాత్రాన మా ఒంటి మీద హక్కు వార్డెన్‌కి రాదు.

"పోవద్దు" అంటే రేపు మన జబ్బులకు మందు ఎవరు వెతుకుతారు? సికిల్ సెల్ మన ఇళ్ళల్లోనే ఉంది కదా. పోదాం, కానీ అడిగి పోదాం. 2019 కొత్త మందుల నిబంధనల్లో అర్థమయ్యే భాషలో సమ్మతి ఉంది, చదువురానివాళ్ళకు సాక్షి ఉన్నాడు, ట్రయల్ వల్ల హాని జరిగితే పరిహారం ఉంది. ట్రయల్ అయ్యాక మందు అందుతుందా అన్నది కూడా ముందే రాయించుకోవాలి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఊళ్ళో చదువొచ్చినోళ్ళం మనమే. ఎవరైనా కాగితం తెస్తే అమ్మ వేలిముద్ర పడకముందే మొత్తం చదివి, మన ఇంటి భాషలో వినిపించండి. ఆ తర్వాత ఔనన్నా కాదన్నా అమ్మ ఇష్టం.

జై ఆదివాసీ!