కంప్రెసర్ ఏం తాగుతోంది?

నందికొండలో తెల్లారకముందే చేపల బేరం మొదలవుతుంది. సాగర్ జలాశయం నుంచి పుట్టీలు, పడవలు ఒడ్డుకు చేరేసరికి ఐస్ సిద్ధంగా ఉండాలి. లేకపోతే రాత్రంతా వల వేసిన మనిషి కష్టం మధ్యాహ్నానికల్లా వాసన కొడుతుంది. అడిగిన ధరకే అమ్ముకొని ఇంటికి పోవాలి.

మొన్నటి ఎండాకాలం మా వైపు ఒక ఐస్ ఫ్యాక్టరీ ఒకే నెలలో మూడుసార్లు ఆగింది. ప్రతిసారీ కంప్రెసర్‌లో వాల్వు ప్లేట్లే విరిగాయి. రెండుసార్లు కొత్తవి వేశారు. "మిషిన్ పాతబడ్డది, ఇక మార్చుడే" అన్నాడు ఓనరు. లక్షల ఖర్చు మరి!

మూడోసారి వచ్చిన పెద్ద మెకానిక్ స్పానర్ పట్టుకోలేదు. ముందు కంప్రెసర్ ఆయిల్ కొంచెం గాజుసీసాలో పట్టించాడు. నల్లగా ఉంది, అడుగున బురద. "మిషిన్‌ది తప్పు కాదు సారూ, మీరు దానికి ఏం తాపుతున్నరో చూడుండ్రి" అన్నాడు.

ఐస్ ఫ్యాక్టరీలో తిరిగే గ్యాస్ అమ్మోనియా. మామూలు గాలి ఒత్తిడిలో మైనస్ 33 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. అలా ఆవిరైన గ్యాస్‌ను పీల్చి, నొక్కి, మళ్లీ ద్రవంగా మారేందుకు పంపేదే కంప్రెసర్. అమ్మోనియాకి నీళ్లంటే మహా ఇష్టం. ఎక్కడ తేమ దొరికినా కలిపేసుకుంటుంది. చిక్కంతా అక్కడే.

నీళ్లు కలిసిన అమ్మోనియా అంత తేలిగ్గా మరగదు. కావలసిన చల్లదనం రావాలంటే సక్షన్ ఒత్తిడి ఇంకా తగ్గించాలి. అప్పుడు కంప్రెసర్ ఎక్కువ నొక్కాలి, ఎక్కువ వేడెక్కాలి. ఒత్తిడి మరీ తగ్గి వ్యాక్యూమ్‌లోకి పోతే సీళ్ల సందుల్లోంచి బయటి గాలి కూడా లోపలికి చొరబడుతుంది. గాలి, నీళ్లు, అమ్మోనియా, వేడి కలిస్తే ఆయిల్ చెడిపోయి బురదవుతుంది. ఆ బురద ఫిల్టర్లలో అడ్డం పడుతుంది, బేరింగులకు ఆయిల్ అందదు. మాడిన ఆయిల్ వాల్వు ప్లేట్ల మీద మసిలా గడ్డకడుతుంది. సరిగ్గా మూసుకోని ప్లేటు కొట్టుకొని కొట్టుకొని విరుగుతుంది. మనకి కనిపించేది విరిగిన ప్లేటు ఒక్కటే.

మరి నీళ్లు ఎక్కడివి? ఐస్ డబ్బాలు మునిగే ఉప్పునీటి తొట్టిలో ఉన్న కాయిల్‌కి సూదిమొనంత రంధ్రం పడింది. మామూలప్పుడు లోపలి ఒత్తిడే ఎక్కువ కాబట్టి అమ్మోనియానే కొద్దికొద్దిగా బయటికి పోయేది. రిపేరు కోసం లైను వ్యాక్యూమ్‌కి లాగిన ప్రతిసారీ ఉప్పునీళ్లు లోపలికి వచ్చేవి. అంటే ఒక రిపేరే తర్వాతి రిపేరుకి దారి వేసింది!

ఇది ఒక్క అమ్మోనియా కథే కాదు. ప్రతి గ్యాస్‌కీ ఓ శత్రువుంటుంది. పేడతో తయారయ్యే బయోగ్యాస్‌లో కుళ్లిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. తేమ తోడైతే ఉక్కును తింటుంది, రాగి, ఇత్తడి భాగాలను నల్లగా చేస్తుంది. పొడి క్లోరిన్‌ను మామూలు వేడిలో ఉక్కు తట్టుకుంటుంది, తేమ తగిలిందా, అదే క్లోరిన్ ఉక్కును కొరికేస్తుంది. ఆక్సిజన్ కంప్రెసర్‌లో నూనె చుక్క పడితే తుప్పు కాదు, ఏకంగా మంటే.

కాబట్టి ఫ్యాక్టరీ నడిపేవాళ్లు వాల్వు మార్చేముందు రెండు పనులు చేయాలి. ఆయిల్ రంగు చూడాలి. డిస్చార్జి వేడి రోజూ పుస్తకంలో రాయాలి. నెల రోజుల అంకెలు పక్కపక్కన పెడితే జబ్బు ముందే తెలుస్తుంది. లైను విప్పి బిగించాక తేమ, గాలి పూర్తిగా తీయకుండా గ్యాస్ ఎక్కించొద్దు. ఈ పనులన్నీ అనుభవమున్న ఆపరేటరే చేయాలి. ఎందుకంటే కంప్రెసర్ పగిలితే పోయేది ఐస్ ఒక్కటే కాదు. అమ్మోనియా బయటికొస్తే కళ్లు, ఊపిరితిత్తులు కాలిపోతాయి. ముందు బలయ్యేది దాని పక్కన రాత్రి డ్యూటీ చేసే కుర్రాడే.

ఆ ఫ్యాక్టరీలో కాయిల్ మార్చారు, అమ్మోనియాలోని నీళ్లు తీసేశారు, ఆయిల్ మార్చారు. ఓనరు తీసేస్తానన్న ఆ పాత కంప్రెసరే ఇప్పటికీ నడుస్తోంది. తెల్లారేసరికి ఐస్ దిగుతోంది.