పాటకు ఏ తాళము?

మన భాషలో తాళ మను మాటకు రెండర్థములు గలవు. ఒకటి పాటను నడిపించునది. రెండవది పెట్టెను బంధించునది. సంగీతపు సాఫ్ట్‌వేరును అమ్ము పెద్ద వర్తకులు చాలకాలముగా ఈ రెండవ తాళమునే పాటకు వేయుచున్నారు. దమ్మపేటవంటి అడవియంచు గ్రామమున గూర్చుండి ఇట్టి విషయము వ్రాయుట కొందరికి వింతగా దోపవచ్చును. పామాయిలు గెలల ధరను గురించి వ్రాయరాదా యని అడుగవచ్చును. గెల మరల కాయును. పోయిన పాట మరల రాదు గనుక ముందుగా దీనిని చెప్పవలసి వచ్చినది.

ఈ ప్రాంతపు కోయలలో డోలివారను గాయకులు గలరు. గట్టుల చరిత్రములు, ఇలవేల్పుల కథలు వారి కంఠములందే నిలిచి యున్నవి. బొమ్మలు చిత్రించిన పడిగె ఎదుట నుండగా డోలు వాయించుచు వారు వానిని గానము చేయుదురు. మణుగూరు మండలములోని కూనవరమునకు చెందిన సకిని రామచంద్రయ్యగారు సమ్మక్క సారలమ్మల కథను కోయభాషయందును, తెలుగునందును పాడి 2022లో పద్మశ్రీ బిరుదము నందిరి, 2024లో స్వర్గస్థులైరి. అట్టి కంఠము మూగవోయిన పిదప మనకు మిగులునది ధ్వనిముద్రణము మాత్రమే. ఆ ముద్రణము ఏ రూపమున నున్నది? మరి యిరువది యేండ్లకు ఆయన మనుమలు దానిని వినగలరా? ఈ ప్రశ్న నడిగినవారు చాల తక్కువ.

కంప్యూటరు ధ్వనిని అంకెలుగా మార్చి దాచును. సంగీతపు సీడీలో సెకనునకు 44,100 మారులు ధ్వనిని కొలిచి, ఆ కొలతలను వరుసగా నిలుపుదురు. ఆ అంకెలను ఏ క్రమమున అమర్చవలెనో తెల్పు కట్టడికి ఫార్మాటని పేరు. ఆ కట్టడి బహిరంగముగా ప్రకటింపబడి, ఎవరికిని రుసుము చెల్లింపకయే దానిని చదువు సాధనమును ఎవరైనను చేసికొనగలిగినచో అది స్వేచ్ఛా ఫార్మాటు. ఒక సంస్థ దానిని గుప్తముగా నుంచుకొన్నచో, ఆ సంస్థకు ఇష్టమున్నంతవరకే మన పాట మనది.

పాతకాలపు గ్రామఫోను ఈ విషయమున ఎంతో ఉదారమైనది. గ్రియర్సను నడిపిన భాషా సర్వేక్షణమునకై 1913 మొదలు 1929 వరకు దేశభాషలను రికార్డులపై కెక్కించిరి. అందు తెలుగు పలుకులును గలవు. అవి నేటికిని వినబడుచున్నవి. రికార్డు తిరిగిన చాలును, సూది యానిన చాలును. ఆ పెట్టెను చేసిన కంపెనీ బ్రతికి యున్నదా లేదా యని రికార్డు అడుగదు.

నేటి సంగతి వేరు. ఊరూర మెమరీకార్డులలో నిండిన ఎంపీ3 సయితము ఒకనాడు సుంకము గలదే. జర్మనీలోని ఫ్రాన్‌హోఫరు సంస్థవారు దాని పేటెంట్లకై సాగించిన లైసెన్సు పద్ధతి 2017 ఏప్రిలులో గాని ముగియలేదు. ఆ సుంకపుగేటును దప్పించుటకే కొందరు ఉదారబుద్ధులు 2001లో ఫ్లాకును, 2002లో వోర్బిసును, 2012లో ఓపసును లోకమునకు ఉచితముగా నిచ్చిరి. వీనిలో ఫ్లాకు విశేషము మిక్కిలి గొప్పది: కొలతలలో ఒక్క అంకెయు పోనీయక, ఫైలును సుమారు సగమునకు తగ్గించును. ఇట్టిదానిని పెద్ద వర్తకులు పరుగున వచ్చి యందుకొనవలదా? మైక్రోసాఫ్టువారి విండోసు 2015లోను, ఆపిలువారి ఫోను 2017లోను గాని దానిని స్వయముగా చదువ నేర్వలేదు. పదునాలుగు పదునారేండ్ల జాగు! ఇది తెలివిలేమి యనుకొనుటకు మాకు మనసొప్పదు.

తాళము వేసిన పాటల గతి యేమగునో 2008లోనే తెలిసినది. యాహూ సంస్థ తన పాటల యంగడిని మూసి, తాళపుచెవులిచ్చు సర్వర్లను గూడ నిలిపెద మని ప్రకటించెను. సొమ్ము పెట్టి కొన్న పాటలు క్రొత్త కంప్యూటరుపై పలుకవని కొన్నవారి కప్పుడు బోధపడెను. గగ్గోలు లేచిన పిమ్మటగాని పరిహారము మాట రాలేదు. మరియొక చోద్యము వినుడు. స్పాటిఫై సంస్థ 2008 నుండియు స్వేచ్ఛా ఫార్మాటగు వోర్బిసునే వాడుకొని ధనము గడించినది. అయినను చందా కట్టి శ్రోత దింపుకొన్న పాట ఆ సంస్థవారి యాప్‌లో దప్ప మరియెందును పలుకదు. ఊరి చెరువు నీరు తోడుకొని, కుండకు తాళము వేసి యిచ్చుట యన నిదియే.

ఫార్మాటును తెరచినచో పాటలు దొంగిలింపబడునని వర్తకులందురు. ఇది కలగాపులగపు వాదము. లిపి అందరిదైనంత మాత్రమున పుస్తకముపై గ్రంథకర్త హక్కు పోవునా? గాయకునికి రావలసిన పైకము చట్టము చెప్పును. ఫార్మాటునకు దానితో బనిలేదు. అన్ని ఫార్మాటులను చదివించుట వ్యయ మనుమాట కొంత నిజమే. కాని స్వేచ్ఛా ఫార్మాటులకు కావలసిన ప్రోగ్రాములు సయితము ఉచితముగానే లభించుచున్నవి గదా!

పాటలను కూర్చు స్టూడియో సాఫ్ట్‌వేరు సంగతి ఇంతకన్న కష్టము. గాత్రము, డోలు, కంచుమేళము వేరువేరుగా ముద్రించిన కూర్పంతయు ఆ సాఫ్ట్‌వేరు సొంత ఫైలులోనే చిక్కుపడి యుండును. లైసెన్సు గడువు తీరినచో, సంస్థ మూతపడినచో, పనియంతయు అడవిలో పూడ్చిన లంకెబిందెయే. బిట్‌విగ్, ప్రిసోనస్ అను రెండు వర్తక సంస్థలు 2023లో డా-ప్రాజెక్టు అను బహిరంగ ఫార్మాటును ప్రకటించి, ఒకరి కూర్పును మరియొకరు తెరచు మార్గము చూపినవి. కావున వర్తకులకు ఇది యసాధ్య మన వీలులేదు.

కోయభాష తెలంగాణ, ఆంధ్ర, ఛత్తీసుగఢ్, ఒడిశాలలో పలుకబడుచున్నది. సరిహద్దులు మారినను పాట దారి మారలేదు. పాటను మోయు ఫైలునకు మాత్రము అడ్డు లుండనేల? స్వేచ్ఛా ప్రమాణములనే వాడవలెనని కేంద్రప్రభుత్వము ఇ-పరిపాలనకు 2010లోనే విధానము ప్రకటించినది. భద్రాచలము గిరిజనాభివృద్ధి సంస్థవారును, విశ్వవిద్యాలయములవారును డోలిపాటలను ముద్రించునపుడు ఫ్లాకు ప్రతి యొకటి తప్పక యీయవలెనని కొనుగోలు కాగితముననే వ్రాయించుకొనవలెను. ప్రజల సొమ్ముతో సంగీతపు సాఫ్ట్‌వేరు కొనునపుడు అది స్వేచ్ఛా ఫార్మాటులను చదివి వ్రాయగలదా యని మొదట అడుగవలెను. పఠనమందిరమున దీనిని చదువు సోదరులలో భజన సమాజముల కార్యదర్శులు పెక్కుమంది యుందురు. వారు ఈ వారమే తమ పాత ముద్రణములను బయటకు దీసి, ఏవి యింకను తెరచుకొనుచున్నవో చూచుకొందురు గాక.