మిషన్ దగ్గర నిలబడి చదివే మనిషి కోసం

చిరంజీవులకు,

పాలిటెక్నిక్‌లోనో ఇంజినీరింగ్ కాలేజీలోనో చదువు ముగించుకుని డిజైన్ విభాగాల్లో కుదురుకుంటున్న మీ అందరికీ ఆశీస్సులు. ట్రేసింగ్ పేపరు మీద ఇంకు పెన్నుతో మొదలుపెట్టి, ఆటోక్యాడ్ మీద ఏళ్ల తరబడి పనిచేసి, సాలిడ్‌వర్క్స్ దాకా వచ్చి రిటైరైనవాణ్ణి నేను. మీ చేతిలో ఉన్న సాఫ్ట్‌వేర్ మీద నాకు ఏ కోపమూ లేదు. మాకు పూటంతా పట్టిన సెక్షన్ వ్యూ మీకు ఒక్క గీతతో, హాచింగ్‌తో సహా వచ్చేస్తోంది. నిజంగా సంతోషమే. నా దిగులల్లా ఒకటి. వ్యూ తేలిగ్గా వస్తోంది కాబట్టి, ఏ వ్యూ పెట్టాలన్న ఆలోచన తగ్గిపోతోంది. మోడల్‌లో ఫ్రంట్ అని ఏది ఉంటే దాన్నే షీటు మీద పెట్టి, పక్కకొకటి, కిందకొకటి లాగి, మూలన ఒక ఐసోమెట్రిక్ చేర్చి పంపేస్తున్నారు.

మోడల్‌లో ఫ్రంట్ ప్లేన్ అనేది మీరు స్కెచ్ మొదలుపెట్టడానికి వీలుగా ఎంచుకున్న తలం మాత్రమే. దాంతో షాపులో మనిషికి సంబంధం లేదు. ఒక షాఫ్ట్ తీసుకోండి. ఫ్రంట్ ప్లేన్ మీద వృత్తం గీసి ఎక్స్‌ట్రూడ్ చేస్తే ఫ్రంట్ వ్యూలో ఒకదానిలో ఒకటి వలయాలు కనబడతాయి. టర్నర్‌కు వాటితో ఏం పని? అతని కళ్ల ముందు షాఫ్ట్ అడ్డంగా తిరుగుతుంటుంది. డ్రాయింగులోనూ అడ్డంగానే ఉండాలి. టర్నింగ్ ఎక్కువున్న కొస కుడిచేతి వైపు, అంటే టెయిల్‌స్టాక్ వైపు రావాలి. కీవే ఉంటే చూసేవాడి వైపు తిప్పి, దాని లోతు చెప్పడానికి అక్కడే ఒక చిన్న సెక్షన్ ఇవ్వాలి. డయామీటర్లు ఫై గుర్తుతోనే తెలిసిపోతాయి కనుక చాలా షాఫ్టులకు మరో వ్యూ అక్కర్లేదు. ఇలా తిప్పి పెట్టుకోవడానికి బేస్ వ్యూ పెట్టేటప్పుడు ఒక నిమిషం పడుతుంది. ఆ నిమిషం దగ్గరే పొదుపు చేస్తున్నారు మీరు.

వ్యూ ఎంపిక తర్వాత చూసుకోవాల్సింది ప్రొజెక్షన్. ఒక వస్తువును తలాల మీద పడే రూపాలుగా విడదీసి చూపించే ఈ విద్యకు శాస్త్రరూపం ఇచ్చినవాడు ఫ్రాన్స్‌కు చెందిన గాస్పార్ మోంజ్. కోటల నిర్మాణ లెక్కల్లో పుట్టిన ఆ పద్ధతిని సైన్యం చాలాకాలం బయటికి పొక్కనివ్వలేదు. 1795లో ఆయన పారిస్‌లో పాఠాలు చెప్పాక గానీ అది అందరి చేతికీ రాలేదు. తర్వాత రెండు దారులు స్థిరపడ్డాయి. మన దేశంలో బీఐఎస్ చెప్పేది ఫస్ట్ యాంగిల్, అంటే టాప్ వ్యూ ఫ్రంట్ వ్యూకు కింద వస్తుంది. అమెరికా వాళ్లది థర్డ్ యాంగిల్, అక్కడ టాప్ వ్యూ పైనే ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌కు ఏదైనా ఒకటే. షీటు సెట్టింగులో ఏది ఉంటే దాని ప్రకారం వ్యూలు పడతాయి.

విదేశీ క్లయింటు ఇచ్చిన టెంప్లేట్‌లో గీసిన ఒక బ్రాకెట్ డ్రాయింగు, ప్రొజెక్షన్ గుర్తు లేకుండానే ప్యాటర్న్ షాపుకు వెళ్లడం నేను చూశాను. అక్కడివాళ్లు అలవాటు కొద్దీ ఫస్ట్ యాంగిల్ అనుకుని చదివారు. ముందుకు రావాల్సిన లగ్ వెనక్కి పోయింది. కాస్టింగులన్నీ అద్దంలో బొమ్మలా తిరగబడి వచ్చాయి. కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఇన్‌స్పెక్షన్‌లో తప్పు దొరకలేదు, అసెంబ్లీలో గానీ బయటపడలేదు. అందుకే కొత్త షీటు తెరవగానే మొదట ప్రొజెక్షన్ చూడండి. ప్రొజెక్షన్ గుర్తులో సన్నకొస ఎడమవైపుకు గీసిన కోనుకు వలయాలు కుడివైపుంటే ఫస్ట్, ఎడమవైపుంటే థర్డ్. టైటిల్ బ్లాకులో ఆ గుర్తు లేని డ్రాయింగు మీద సంతకం పెట్టొద్దు, పెట్టమని ఎవరు తొందరపెట్టినా సరే.

ఆటోక్యాడ్ మీద పనిచేసే పిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. మోడల్ స్పేస్‌లో అసలు కొలతకు గీసి, లేఅవుట్‌లో వ్యూపోర్టుకు స్కేలు ఇస్తారు కదా. 1:5 పెట్టారనుకోండి. తర్వాత ఏదో సరిచేయాలని వ్యూపోర్టు లోపల డబుల్ క్లిక్ చేసి, అలవాటుగా మౌసు చక్రం తిప్పుతారు. బొమ్మ పరిమాణం కాస్త మారిపోతుంది, కంటికి తేలిగ్గా తెలియదు. టైటిల్ బ్లాకులో మాత్రం 1:5 అనే ఉంటుంది. స్కేలు పెట్టిన వెంటనే ఆ వ్యూపోర్టును లాక్ చేసేయండి. స్కేళ్లు కూడా 1:2, 1:5, 1:10 వరసలోనివే వాడండి. షీటులో ఇరికించడానికి 1:3.7 లాంటివి పెట్టకండి. పట్టకపోతే ఏ3 బదులు ఏ2 తీసుకోండి, లేదా రెండో షీటు వేయండి. డీటెయిల్ వ్యూ స్కేలు వేరైతే దాని కిందే రాయండి.

సెక్షన్ల విషయంలో సాఫ్ట్‌వేర్ మాటను పూర్తిగా నమ్మొద్దు. కోత గీత రిబ్‌కు పొడవునా పోతే అది రిబ్‌ను కూడా హాచింగుతో నింపేస్తుంది. చదివేవాడికి ఆ పలుచని రిబ్ మందపాటి దిమ్మలా కనబడుతుంది. బోల్టులు, షాఫ్టులు, రిబ్బులు పొడవునా కోసి చూపకూడదన్నది పాత నియమమే, ఇప్పటికీ నిలిచే ఉంది. సెక్షన్ పెట్టేటప్పుడు వాటిని మినహాయించే వీలు ఉంటుంది, వాడండి. సెక్షన్‌తో లోపలి రూపం తెలిసిపోయాక హిడెన్ లైన్లు ఆపేయండి. చుక్కల గీతల అడవిలో నుంచి కొలత వెతుక్కోవలసిన అవసరం ఫిట్టర్‌కు ఎందుకు? ఇంకొకటి, హిడెన్ లైన్ మీద డైమెన్షన్ వేయకండి. వేయక తప్పడం లేదంటే అక్కడ ఇంకో సెక్షన్ కావాలని అర్థం.

మోడల్ మారితే వ్యూలు వాటంతట అవే మారతాయి, ఇది మీకు దొరికిన పెద్ద వరం. కానీ ఒక అంచు పోతే దానికి కట్టిన కొలత ఆధారం లేకుండా, రంగు మారి వేలాడుతుంది. బ్లాక్ అండ్ వైట్ ప్రింటులో ఆ రంగు కనబడదు. రివిజన్ నంబరు పెంచే ముందు ప్రతి వ్యూనూ స్క్రీన్ మీద దగ్గరగా చూడండి.

ఇక డ్రాయింగులే ఉండవు, త్రీడీ మోడల్ మీదే కొలతలు రాసి పంపేస్తామని మీలో కొందరు అంటారు. కొన్ని పెద్ద కంపెనీల్లో అది జరుగుతోంది కూడా, మంచిదే. అప్పుడైనా ఏ కొలత ఏ దిక్కు నుంచి కనబడాలో వ్యూలుగా సేవ్ చేసి పెట్టాల్సింది మీరే. బాలానగర్‌లోనో ఆటోనగర్‌లోనో జాబ్ వర్క్ చేసే చిన్న షాపులో మాత్రం ఇవాళ్టికీ నూనె మరకలు పడ్డ ప్రింటే మిషన్‌కు వేలాడుతుంటుంది.

ఈ వారం మీరు విడుదల చేసే ఏదైనా ఒక డ్రాయింగును ఏ3 మీద ప్రింటు తీసి, ఐసోమెట్రిక్‌ను కాగితంతో కప్పి, మీ షాపులో సీనియర్ టర్నర్ దగ్గరికో ఫిట్టర్ దగ్గరికో పట్టుకెళ్లండి. "అన్నా, ఇది చూస్తే మీకు ఏం అర్థమైంది?" అని అడగండి. ఆయన ఏ వ్యూ దగ్గర ఆగి తల వంచి చూస్తున్నాడో గమనించి, తిరిగొచ్చి ఆ వ్యూను మార్చండి.

ఆశీస్సులతో,
ఒక పాత డ్రాఫ్ట్స్‌మన్